ఉమ్మడి కోడ్ రాసే లాగ్ ఏ ఫైలుకు చేరాలి?

ప్రశ్న: రుణాల లెక్కలు చూసే మా జావా అప్లికేషన్‌లో రాత్రిపూట నడిచే పనులు రెండున్నాయి. రోజువారీ వడ్డీ లెక్కగట్టే క్లాస్ పేరు ఇంట్రెస్ట్‌జాబ్. వాయిదా గడువు దగ్గరపడిన ఖాతాదారులకు ఎస్ఎంఎస్ పంపే క్లాస్ పేరు రిమైండర్‌జాబ్. డేటాబేస్ పనుల కోసం రెండూ డీబీహెల్పర్ అనే ఒకే క్లాస్‌ను వాడుకుంటాయి. ఒక్కో పనికి ఒక్కో లాగ్ ఫైలు (ప్రోగ్రామ్ ఏం చేసిందో నమోదయ్యే ఫైలు) ఉండాలని రెండు జాబ్‌ల పేర్లకూ రెండు అపెండర్లు (లాగ్ లైన్లను ఫైలుకు చేర్చే భాగాలు) తగిలించాం. జాబ్ క్లాస్‌లు రాసే లైన్లు సరైన ఫైళ్లలోకే వెళ్తున్నాయి కానీ, డీబీహెల్పర్ రాసేవి మాత్రం మూడో ఫైలులోకి పోతున్నాయి. దానికీ రెండు అపెండర్లు తగిలిస్తే ప్రతి లైనూ రెండు ఫైళ్లలోనూ పడుతోంది. డీబీహెల్పర్‌ను ఎవరు పిలిస్తే వారి ఫైలులోకే అది రాసేలా చేయగలమా? లాగ్ రాయడానికి ప్రస్తుతం లాగ్‌ఫోర్‌జే 1.2 లైబ్రరీ వాడుతున్నాం.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చేయవచ్చు. అయితే ముందుగా, ఇప్పుడు మీకు కనిపిస్తున్నది కాన్ఫిగరేషన్‌లో జరిగిన పొరపాటు కాదని గమనించండి. లాగర్‌కు, అంటే కోడ్‌లో లాగ్ లైన్లు రాసే ఆబ్జెక్ట్‌కు, మనం సాధారణంగా క్లాస్ పూర్తి పేరునే పెడతాం. ఒక లైను ఏ ఫైలుకు చేరాలో లైబ్రరీ ఆ పేరును బట్టే తేలుస్తుంది. ముందు ఆ పేరుకు ఉన్న సెట్టింగ్‌ను, ఆపైన దాని పైనున్న ప్యాకేజీ పేరుకు, ఇంకా పైనున్నవాటికి ఉన్న సెట్టింగ్‌లను చూసుకుంటూ, మధ్యలో ఆపమని చెప్పకపోతే చివరకు అన్నిటికీ పైనుండే రూట్ లాగర్ దాకా వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడా ఆ మెథడ్‌ను ఎవరు పిలిచారన్న ప్రశ్నే రాదు. డీబీహెల్పర్‌లోని లాగర్‌కు తన పేరు తెలుసు, తన పైవారి పేర్లు తెలుసు, అంతవరకే.

మీ మూడో ఫైలులో ఇలాంటి లైను ఒకటి ఉందనుకుందాం: ‘02:14:07 హెచ్చరిక డీబీహెల్పర్ – కనెక్షన్ కోసం 30 సెకన్లు వేచి చూసినా దొరకలేదు’. తెల్లవారి లాగ్ చూసే ఉద్యోగికి ఈ లైను ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది కానీ, దానివల్ల ఆగిపోయింది వడ్డీ లెక్కా, ఖాతాదారులకు వెళ్లాల్సిన సందేశమా అన్నది తెలియదు. అతనికి నిజంగా కావలసింది ఆ రెండో సమాచారం. అది క్లాస్ పేరులో లేదు కాబట్టి, క్లాస్ పేర్లను ఆధారం చేసుకున్న సెట్టింగ్‌లను ఎన్ని రకాలుగా మార్చినా లాగ్‌లోకి రాదు. ఏ పని నడుస్తున్నదో ప్రోగ్రామ్ రాసినవారే ఎక్కడో ఒకచోట చెప్పాలి. జేవీఎమ్‌ను (జావా ప్రోగ్రామ్‌ను నడిపే జావా వర్చువల్ మెషీన్‌ను) మొదలుపెట్టేటప్పుడు చెప్పవచ్చు, ఆబ్జెక్ట్‌ను తయారుచేసేటప్పుడు చెప్పవచ్చు, లేదా పనిచేస్తున్న థ్రెడ్‌కు (ప్రోగ్రామ్ లోపల ఒకేసారి నడిచే పని వరుసల్లో ఒకదానికి) చెప్పవచ్చు. పిలిచిన క్లాస్ పేరును ప్రతి లైనుకూ స్టాక్ ట్రేస్ (ఏ మెథడ్‌ను ఏది పిలిచిందో చూపే జాబితా) తవ్వి తెలుసుకోవాలని కొందరు ప్రయత్నిస్తారు. అది ఖర్చుతో కూడిన పని, పైగా మధ్యలో ఇంకో మెథడ్ వచ్చి చేరిన రోజున లెక్క తప్పుతుంది. దాని జోలికి వెళ్లకండి.

మీ రెండు పనులూ నిర్ణీత సమయానికి కమాండ్లను నడిపే క్రాన్ ద్వారా వేర్వేరు కమాండ్లుగా మొదలవుతుంటే, అంటే ఒక్కోదానికి ఒక్కో జేవీఎమ్ ఉంటే, ఇంతకు మించి చదవాల్సిన అవసరం పెద్దగా లేదు. కమాండ్‌లో మైనస్ డీ ఆప్షన్‌తో లాగ్‌నేమ్ అనే సిస్టమ్ ప్రాపర్టీకి ఒకచోట ఇంట్రెస్ట్ అనీ, ఇంకోచోట రిమైండర్ అనీ విలువ ఇచ్చి, కాన్ఫిగరేషన్‌లో ఫైలు పేరు రాసేచోట డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఆ ప్రాపర్టీ పేరు పెడితే సరిపోతుంది. లాగ్‌ఫోర్‌జే 1.2లోనూ, లాగ్‌బ్యాక్ అనే మరో లాగ్ లైబ్రరీలోనూ పేరు అలాగే రాయాలి. లాగ్‌ఫోర్‌జే 2లో మాత్రం దాని ముందు సిస్ అనే మాట, కోలన్ చేర్చాలి. అప్పుడు రూట్ లాగర్‌కు ఒకే అపెండర్ చాలు. డీబీహెల్పర్ రాసే లైన్లతోపాటు మీరు వాడే బయటి లైబ్రరీల లైన్లు కూడా ఆ పని ఫైలులోకే వస్తాయి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. మైనస్ డీ ఆప్షన్‌ను జార్ ఫైలు పేరుకు ముందే రాయాలి. తరువాత రాస్తే జావా దాన్ని సిస్టమ్ ప్రాపర్టీగా తీసుకోకుండా మెయిన్ మెథడ్‌కు ఇచ్చే ఆర్గ్యుమెంట్‌గా పంపేస్తుంది. లాగ్‌బ్యాక్ అయితే పేరు చివర ‘ఈజ్ అన్‌డిఫైన్డ్’ అని తగిలించిన ఫైలును, లాగ్‌ఫోర్‌జే 2 అయితే డాలర్ గుర్తు, బ్రాకెట్లతో సహా ఉన్న ఫైలును తయారుచేస్తాయి. సర్వర్‌లో అలాంటి పేరున్న ఫైలు కనిపిస్తే వెంటనే ఆ కమాండ్ చూడండి.

రెండు పనులూ ఒకే జేవీఎమ్‌లో షెడ్యూలర్ ద్వారా నడుస్తుంటే సమస్య నిజంగా మొదలవుతుంది. ఉమ్మడి కోడ్ ఒక పేరెంట్ క్లాస్‌లో ఉండి రెండు జాబ్‌లూ దాన్ని ఎక్స్‌టెండ్ చేస్తుంటే సులువైన మార్గం ఒకటుంది. చాలామంది అలవాటుగా పేరెంట్ క్లాస్‌లో స్టాటిక్ ఫైనల్ లాగర్‌ను పేరెంట్ పేరుతోనే ప్రకటిస్తారు. అందుకే అక్కడినుంచి వచ్చే లైన్లన్నీ పేరెంట్ పేరుమీదే నమోదవుతాయి. స్టాటిక్ తీసేసి, ఆబ్జెక్ట్‌కు చెందిన ఫీల్డ్‌గా మార్చి, గెట్‌క్లాస్ మెథడ్ ఇచ్చే క్లాస్‌తో లాగర్‌ను తీసుకుంటే, నడుస్తున్నది ఏ సబ్‌క్లాసో ఆ పేరే లాగర్‌కు వస్తుంది. మీరు ఇప్పటికే రాసుకున్న రెండు అపెండర్లు అలాగే పనికొస్తాయి. కానీ మీ డీబీహెల్పర్ విడి క్లాస్ కాబట్టి ఇది మీకు వర్తించదు. లాగర్‌ను ప్రతి మెథడ్‌కూ పారామీటర్‌గా అందించాలనే సలహా కూడా మీకు ఎవరైనా ఇవ్వవచ్చు. ఒకటి రెండు మెథడ్లున్న చోట అది తప్పు కాదు. ఉమ్మడి కోడ్ పెరిగేకొద్దీ ప్రతి మెథడ్ నిర్వచనంలోనూ పనితో సంబంధం లేని ఒక పారామీటర్ వచ్చి చేరుతుంది. పైగా డేటాబేస్ పనులకు వాడే కనెక్షన్ పూల్, హైబర్నేట్ వంటి లైబ్రరీలు తమ లాగర్లను తామే తయారుచేసుకుంటాయి, మీ లాగర్‌ను వాటికి ఇచ్చే వీలు లేదు. ఇందాకటి కనెక్షన్ హెచ్చరిక లాంటివి ఎక్కువగా వాటినుంచే వస్తాయి.

అందువల్ల మీకు నేను గట్టిగా సిఫారసు చేసేది థ్రెడ్‌కు చెప్పే మార్గం. దీన్ని ఎమ్‌డీసీ, అంటే మ్యాప్డ్ డయాగ్నోస్టిక్ కాంటెక్స్ట్ అంటారు. లాగ్‌ఫోర్‌జే 2లో దీని పేరు థ్రెడ్ కాంటెక్స్ట్. ప్రతి థ్రెడ్‌కూ విడిగా ఉండే ఒక చిన్న మ్యాప్ ఇది. ఇంట్రెస్ట్‌జాబ్ రన్ మెథడ్ మొదటి లైనులోనే జాబ్ అనే కీకి ఇంట్రెస్ట్ అనే విలువ పెట్టండి. ఆ థ్రెడ్ మీద ఆ తరువాత ఏ క్లాస్ ఏ లైను రాసినా, అది మీ డీబీహెల్పర్ అయినా, ఎవరో రాసిన డ్రైవర్ అయినా, ఆ విలువ లాగ్ ఈవెంట్‌తోపాటు ప్రయాణిస్తుంది. డీబీహెల్పర్‌లో ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు. పని ముగిశాక ఫైనలీ బ్లాక్‌లో ఆ కీని తప్పనిసరిగా తొలగించాలి. ఎక్సెప్షన్ వచ్చిన సందర్భంలో కూడా తొలగింపు జరగాలి కాబట్టే ఫైనలీ అంటున్నాను.

ఇక ఆ విలువను చూసి ఫైలును ఎంచుకునే పని అపెండర్‌ది. లాగ్‌బ్యాక్‌లో ఇందుకు సిఫ్టింగ్ అపెండర్ ఉంది. అందులో డిస్క్రిమినేటర్ అనే ట్యాగ్ కింద కీగా జాబ్ అని, డిఫాల్ట్ విలువగా అన్‌నోన్ అని రాసి, సిఫ్ట్ అనే ట్యాగ్ లోపల మామూలు ఫైల్ అపెండర్‌నే పెట్టి, దాని పేరులోనూ ఫైలు పేరులోనూ జాబ్ అనే వేరియబుల్‌ను ఉపయోగించాలి. కొత్త విలువ మొదటిసారి కనిపించినప్పుడు లాగ్‌బ్యాక్ దానికొక అపెండర్‌ను అప్పటికప్పుడు తయారుచేస్తుంది. రోజూ ఫైలు మారే రోలింగ్ అపెండర్ వాడుతుంటే, పాత ఫైళ్లకు పెట్టే పేరు నమూనాలో కూడా ఆ వేరియబుల్ ఉండి తీరాలి. ఇది మరచిపోయి, నడుస్తున్న ఫైళ్లు విడివిడిగా ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉన్నవారికి అర్ధరాత్రి దాటాక రెండు పనుల పాత లాగ్‌లూ ఒకే పేరు కోసం పోటీపడటం కనిపిస్తుంది.

లాగ్‌ఫోర్‌జే 2లో ఇదే పనిని రూటింగ్ అపెండర్ చేస్తుంది. అందులో రూట్స్ ట్యాగ్‌కు (ఇక్కడ రూట్ అంటే దారి, రూట్ లాగర్‌తో దీనికి సంబంధం లేదు) ఇచ్చే ప్యాటర్న్‌లో సీటీఎక్స్, కోలన్, జాబ్ అని రాయాలి. ఇక్కడ దాదాపు అందరూ తడబడే చోటు ఒకటుంది. ఆ ప్యాటర్న్ ముందు డాలర్ గుర్తు రెండుసార్లు ఉండాలి. ఒక్క డాలర్ పెడితే లైబ్రరీ కాన్ఫిగరేషన్ చదివే క్షణంలోనే విలువ కోసం వెతుకుతుంది. అప్పటికి ఏ జాబూ మొదలై ఉండదు కాబట్టి ఏమీ దొరకదు. రెండు డాలర్లు పెడితే మొదటిది ఆ తొలి వెతుకులాటను ఆపి, ప్రతి లైనూ రాసే సమయానికి వాయిదా వేస్తుంది. రూట్ ట్యాగ్ లోపలి అపెండర్‌ను అవసరమైనప్పుడే తయారుచేస్తారు కనుక అక్కడ ఫైలు పేరులో ఒక్క డాలర్ చాలు. విలువే లేని లైన్లకోసం, కీ స్థానంలో అదే రెండు డాలర్ల ప్యాటర్న్‌ను మళ్లీ రాసిన ఇంకో రూట్ ట్యాగ్‌ను చేర్చి, దాన్ని అన్‌నోన్ ఫైలుకు కలపండి.

ఆ అన్‌నోన్ ఫైలును తక్కువగా చూడవద్దు. అందులో పడిన ప్రతి లైనూ, ఏ పని పేరుమీద నడుస్తున్నదో ఎవరూ చెప్పని కోడ్ ఒకటి ఉందని చూపిస్తుంది. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు వచ్చే లైన్లు అక్కడ ఉండటం సహజం. రాత్రి రెండు గంటలకు డీబీహెల్పర్ లైన్లు అక్కడ ఉంటే మాత్రం ఎక్కడో విలువ జారిపోయిందని అర్థం.

మీరు వాడే లాగ్‌ఫోర్‌జే 1.2లో ఎమ్‌డీసీ ఉంది కానీ, దాని విలువను బట్టి ఫైలును ఎంచుకునే అపెండర్ లేదు. అంతకన్నా ముఖ్యంగా, లాగ్‌ఫోర్‌జేను నిర్వహించే అపాచీ సంస్థ 2015 ఆగస్టు 5న ఆ వెర్షన్‌కు మద్దతు ముగించింది. 2022లో దానినుంచి విడిగా వచ్చిన రీలోడ్‌ఫోర్‌జే భద్రతా లోపాలను సరిచేసింది కానీ, మీ సమస్యకు అందులోనూ పరిష్కారం లేదు. మారడం మీరు భయపడేంత పెద్ద పని కాదు. పాత లాగ్‌ఫోర్‌జే పిలుపులను లాగ్‌బ్యాక్‌కు మళ్లించే జార్ ఒకటి, లాగ్ లైబ్రరీల మధ్య వారధిగా ఉండే ఎస్ఎల్ఎఫ్‌ఫోర్‌జే ప్రాజెక్టులో, లాగ్‌ఫోర్‌జే 2కు మళ్లించేది అపాచీ ప్రాజెక్టులో ఉన్నాయి. పాత జార్ తీసేసి వాటిలో ఒకదాన్ని పెడితే చాలా అప్లికేషన్లలో క్లాస్‌ల కోడ్ యథాతథంగా నడుస్తుంది, కాన్ఫిగరేషన్ ఫైలు ఒక్కటే కొత్తగా రాసుకోవాలి. లాగ్‌ఫోర్‌జేను మొదలుపెట్టిన చెకి గుల్చు అనే ప్రోగ్రామరే ఆ తరువాత లాగ్‌బ్యాక్‌నూ రాశారు కాబట్టి, లాగ్‌బ్యాక్‌లోని మాటలు మీకు చాలావరకు పరిచితంగానే ఉంటాయి.

లాగ్‌ఫోర్‌జే 2ను ఎంచుకుంటే జావా 8 మీద కనీసం 2.17.1, వీలైతే ఇప్పటి తాజా వెర్షన్ వాడండి. బయటివారు సర్వర్‌పై దాడి చేయడానికి వీలిచ్చిన, 2021 డిసెంబరులో బయటపడిన లాగ్‌ఫోర్‌షెల్ లోపం గురించి మీరు వినే ఉంటారు. దానికి మొదటి సవరణగా 2.15.0 వచ్చిన కొద్ది రోజులకే మరో లోపం తేలింది. ఈసారి దారి థ్రెడ్ కాంటెక్స్ట్ గుండానే వచ్చింది. లాగ్ లైను నమూనాలో ఆ విలువను చదివే ఏర్పాటు ఉండి, విలువను బయటివారు నింపగలిగితే దాడికి వీలుండేది. వెర్షన్లు మారి ఆ లోపాలు పోయినా, అవి నేర్పిన క్రమశిక్షణ మనకు ఇక్కడ నేరుగా అవసరం. జాబ్ అనే కీలోకి మీ కోడ్‌లో మీరు రాసిన స్థిరమైన విలువలే వెళ్లాలి. యూజర్ టైపు చేసినదీ, రిక్వెస్ట్‌లో వచ్చినదీ ఫైలు పేరులోకి వెళ్లకూడదు. ఖాతా నంబరును కీగా పెట్టి ఖాతాకొక ఫైలు తీయాలన్న ఆలోచన కూడా మంచిది కాదు. తెరిచి ఉన్న ఫైళ్ల సంఖ్యకు లినక్స్‌లో పరిమితి ఉంటుంది, చాలా చోట్ల ఒక ప్రాసెస్‌కు మామూలుగా దొరికేది 1024. లాగ్‌బ్యాక్ ఒక అపెండర్‌ను 30 నిమిషాలు ఎవరూ వాడకపోతేనే మూసేస్తుంది. లాగ్‌ఫోర్‌జే 2లో అయితే ఐడిల్ పర్జ్ పాలసీని మీరు విడిగా చేర్చితే తప్ప మూయదు.

అన్నీ విడదీశాక కూడా, రెండు పనుల లైన్లూ కలిసి ఉండే ఒక ఫైలును అట్టే పెట్టుకోమని నా సలహా. ఇంట్రెస్ట్‌జాబ్ ఒక టేబుల్‌ను లాక్ చేసి ఉంచినందువల్ల రిమైండర్‌జాబ్ ఆగిపోయిందనుకోండి. విడి ఫైళ్లలో ఒకదానిలో ఏ తప్పూ కనిపించదు, ఇంకోదానిలో కారణం కనిపించదు. కలిసిన ఫైలులో రెండూ సమయక్రమంలో పక్కపక్కనే ఉంటాయి. రూట్ లాగర్‌కు సిఫ్టింగ్ అపెండర్‌తోపాటు మామూలు ఫైల్ అపెండర్‌ను కూడా తగిలించి, దాని లైను నమూనాలో శాతం గుర్తు, పెద్ద ఎక్స్, ఫ్లవర్ బ్రాకెట్లలో జాబ్ అని చేర్చితే ప్రతి లైను ముందూ పని పేరు వస్తుంది. డిస్కు ఖర్చు రెట్టింపవుతుంది కానీ, కలిపిన ఫైలును కొద్ది రోజులకే తొలగించేలా పెట్టుకుంటే అది భారం కాదు. అప్పుడు మీరు ఇప్పటికే జాబ్ క్లాస్‌ల పేర్లకు తగిలించిన పాత అపెండర్లను తీసేయడం మరవకండి. అడిటివిటీ అనే సెట్టింగ్ మామూలుగా ట్రూగా ఉంటుంది కాబట్టి, లైను తన లాగర్ అపెండర్‌కూ రూట్ అపెండర్‌కూ రెండింటికీ వెళ్లి ఒకే ఫైలులో రెండుసార్లు కనిపిస్తుంది.

ప్రశ్న: మేము లాగ్‌బ్యాక్‌లో సిఫ్టింగ్ అపెండర్ వాడుతున్నాం. చాలావరకు బాగానే ఉంది. కానీ పనిని థ్రెడ్ పూల్‌కు (సిద్ధంగా ఉంచిన థ్రెడ్ల గుంపుకు) అప్పగించిన చోట కొన్ని లైన్లు డిఫాల్ట్ ఫైలులోకి పోతున్నాయి. అంతకన్నా వింతగా, అప్పుడప్పుడు ఒక పని లైన్లు వేరే పని ఫైలులో దొరుకుతున్నాయి. ఎందుకు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండింటికీ కారణం ఒక్కటే. ఎమ్‌డీసీ విలువ థ్రెడ్‌కు చెందుతుంది, పనికి కాదు. మీరు విలువ పెట్టింది పనిని అప్పగించిన థ్రెడ్‌లో. పనిని నిజంగా చేస్తున్నది పూల్‌లోని ఇంకో థ్రెడ్. దాని మ్యాప్ ఖాళీగా ఉంటుంది కాబట్టి లైన్లు డిఫాల్ట్ ఫైలుకు వెళ్తాయి. రెండోది ఇంతకన్నా ప్రమాదకరం. పూల్ థ్రెడ్‌లో ఎవరో విలువ పెట్టి తొలగించకుండా వదిలేస్తే, తరువాత ఆ థ్రెడ్‌కు వచ్చిన వేరే పని పాత పేరుతోనే రాస్తుంది. లైను లేకపోతే వెతుకుతాం, తప్పుడు ఫైలులో ఉన్న లైనును మాత్రం నమ్మేస్తాం. అందుకే దీన్ని ముందు సరిచేయాలి.

లాగ్‌బ్యాక్ పాత వెర్షన్లలో కొత్తగా పుట్టిన థ్రెడ్‌కు దాన్ని పుట్టించిన థ్రెడ్ విలువలు వాటంతటవే వచ్చేవి. పూల్ థ్రెడ్ ఒకసారి పుట్టి ఎందరి పనులో చేస్తుంది కాబట్టి, దాన్ని మొదట పుట్టించిన పని పేరు దానికి శాశ్వతంగా అంటుకుపోయేది. 1.1.5 నుంచి ఆ వారసత్వాన్ని తీసేశారు. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం, కానీ విలువను అందించే బాధ్యత మన మీద పడింది.

పద్ధతి ఇది. పనిని పూల్‌కు ఇచ్చే ముందు, ఇచ్చే థ్రెడ్‌లోనే ఎమ్‌డీసీ మ్యాప్ నకలును ఒక లోకల్ వేరియబుల్‌లోకి తీసుకోండి. పూల్ నడిపే రన్నబుల్ ఆబ్జెక్ట్ లోపల మొదట ఆ నకలును అమర్చి, అసలు పనిని ట్రై బ్లాక్‌లో చేసి, ఫైనలీలో మ్యాప్‌ను ఖాళీ చేయండి. నకలు నల్ అయ్యే అవకాశం ఉంది కాబట్టి అమర్చే ముందు సరిచూసుకోండి. నకలు తీసే లైనును పొరపాటున రన్నబుల్ లోపల రాస్తే అది పూల్ థ్రెడ్ మ్యాప్‌నే చదువుతుంది, ఏమీ మారదు. ఈ నాలుగు లైన్లను ప్రతిచోటా రాయకుండా, పూల్‌కు పనులు అందించే ఎగ్జిక్యూటర్‌ను చుట్టే ఒక చిన్న క్లాస్‌లో పెట్టండి. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ వాడేవారికి టాస్క్ డెకరేటర్ ఇదే పనికి ఉంది. ప్యారలల్ స్ట్రీమ్‌లు, ఎగ్జిక్యూటర్ ఇవ్వకుండా వాడిన కంప్లీటబుల్ ఫ్యూచర్లు జేవీఎమ్ అంతటికీ ఉమ్మడిగా ఉన్న పూల్ మీద నడుస్తాయి. దాన్ని మీరు చుట్టలేరు. లాగ్ విడిగా కావలసిన పనుల్లో ఫ్యూచర్లకు మీ ఎగ్జిక్యూటర్‌నే ఇవ్వండి.

సరిచేశారో లేదో తేల్చుకోవడానికి ఒకే థ్రెడ్ ఉన్న పూల్‌తో ఒక టెస్ట్ రాయండి. మొదట ఇంట్రెస్ట్ పేరుతో ఒక పని, వెంటనే ఏ పేరూ లేకుండా ఒక పని, తరువాత రిమైండర్ పేరుతో ఒక పని ఇచ్చి, మూడు లైన్లు మూడు ఫైళ్లలో పడ్డాయా అని చూడండి. థ్రెడ్ ఒక్కటే కనుక, తొలగించకుండా వదిలేసిన విలువ ఉంటే రెండో లైను ఇంట్రెస్ట్ ఫైలులోకి వెళ్లి వెంటనే దొరికిపోతుంది. పది థ్రెడ్ల పూల్‌తో అదే టెస్ట్ నడిపితే తప్పు చాలాసార్లు కనిపించకుండా తప్పించుకుంటుంది.